మార్కు ఎక్కడ ఆగిందో అక్కడ వెతకండి

(లాసెట్ రాయబోయే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, పల్లెల్లో రాత్రి చదువులు నడిపే కార్యకర్తలు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిరపకోతలు ముమ్మరంగా ఉన్నయ్. ఒక పూట కూలి పోగొట్టుకుని ఇంతమంది వచ్చారు. అందుకని వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా దండాలు చెప్పుకుంటా పొద్దు పుచ్చం. సూటిగా విషయంలోకి వస్తాం.

మన పిల్లలు లాయరు చదువు చదవాలంటే లాసెట్ రాయాలి. ఇంటర్ అయినవాళ్ళకి అయిదేళ్ళ కోర్సు, డిగ్రీ అయినవాళ్ళకి మూడేళ్ళ కోర్సు. పరీక్షలో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. లెక్కేసుకోండి, ఒక్కో ప్రశ్నకి ముప్పావు నిమిషం. మొదటి భాగంలో జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ కలిపి 30 ప్రశ్నలు. రెండో భాగంలో వర్తమాన వ్యవహారాలు 30. మూడో భాగంలో చట్టం చదవటానికి బుర్ర ఎంతవరకూ పనికొస్తుందో చూసే ప్రశ్నలు 60. తప్పు రాస్తే మార్కు కొయ్యరు. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటయ్, ఇంగ్లీషులోనూ ఉంటయ్. ఇదీ పరీక్ష. బ్రహ్మవిద్యేం కాదు. అయినా మన పిల్లలు ఒక మార్కు దగ్గరికొచ్చి ఆగిపోతన్నారు. నెల రోజులు ప్రాక్టీసు పరీక్షలు రాసినా ఆ మార్కు కదలటం లేదు. ఎందుకు కదలటం లేదు, ఎట్లా కదిలించాలి అన్నదే ఇయ్యాల మాట్లాడుకుందాం.

ముందు మా తప్పు ఒకటి చెప్పుకుంటాం. అది దాచిపెట్టి మీకు సుద్దులు చెప్పటం న్యాయం కాదు.

మొదటి సంవత్సరం మేం చదువు మొదలుపెట్టినప్పుడు పట్నంలో ఒక కోచింగ్ సెంటరుని చూసి వచ్చాం. పేరు ఎందుకులెండి. అక్కడ గోడ మీద మార్కుల పట్టిక ఉంది. పై నుంచి కిందికి ఎవరికెన్ని వచ్చినయ్యో రాసి, ఎక్కువ మార్కులోళ్ళని ముందు బెంచీల్లో, తక్కువ మార్కులోళ్ళని వెనక కూర్చోబెట్టారు. వెనక కూర్చోబెట్టటం మన తాతల నాటినుంచీ మనకి కొత్త కాదు. అయినా మేం ఏం చేశాం? ఆ పట్టికనే తెచ్చి మన కమ్యూనిటీ హాలు గోడకి అంటించాం. దాని మీద ఎర్రసిరాతో 42 దగ్గర అడ్డగీత కూడా గీశాం. నూటికి 35 అంటే 120కి 42, అది దాటితేనే పాసు అని ఎవరో చెప్తే నమ్మాం.

ఒక పిల్లాడికి మూడు పరీక్షల్లోనూ 38 దగ్గరే వచ్చింది. గీత కింద పేరు. నాలుగో పరీక్షకి రాలా. ఇంటికి పోతే, హైదరాబాదు పోయాడు సెంట్రింగ్ పనికి అన్నది వాళ్ళమ్మ. ‘పాసు కాలేనోడికి ఈ చదువులెందుకన్నాడయ్యా’ అన్నది. ఆ తర్వాత కూర్చుని లాసెట్ పుస్తకంలో నిబంధనలు మొదటినుంచీ చివరిదాకా చదివితే తెలిసింది. ర్యాంకు ఇవ్వటానికి ఆ 42 మార్కుల షరతు ఎస్సీ, ఎస్టీలకి లేనే లేదు! ఆ పిల్లాడు తప్పనే లేదు. గీత గీసి తప్పించింది మేం. నిబంధనల పుస్తకం చదవకుండా పరీక్ష గురించి చెప్పబోయినవాళ్ళం మేం. అతను ఇప్పటికీ తిరిగి రాలా. ఫోను చేస్తే ‘చూద్దాంలే అన్నా’ అంటాడు.

పట్టిక ఆ రోజే చింపేశాం. ఇక్కడున్న కార్యకర్తలకి మొదటి మాట ఇదే: మార్కులు గోడకెక్కించొద్దు. రెండో మాట, మేం చేసిన ఇంకో పొరపాటుకి సంబంధించింది. ‘మనకి పాసు మార్కుల పట్టింపు లేదు గదా, ఏదో ఒకటి వస్తే చాలు’ అని ఆ తర్వాత కొంతమంది పిల్లలు సోమరులయ్యారు. అదీ మోసమే. పాసు మార్కు లేకపోయినా ర్యాంకు ఉంటది. సీటు ఏ కాలేజీలో వస్తుంది, ఇంటికి దగ్గరా దూరమా, ప్రభుత్వ కాలేజీనా, ప్రైవేటు కాలేజీనా అన్నది ర్యాంకుని బట్టే. రిజర్వేషన్ సీటుకి కూడా మనలో మనకే పోటీ ఉంటది. నాలుగు మార్కులు పెరిగితే ర్యాంకు వందల్లో కదులుద్ది. అందుకే ఆ నాలుగు మార్కులు ఎక్కడున్నయ్యో వెతకాలి అంటన్నాం.

ఇప్పుడు ఒక ఆడపిల్ల సంగతి చెప్తాం. ఆ పిల్ల డిగ్రీ చదివింది. పొద్దున మిరపకోతకి పోయి, రాత్రి ఎనిమిదింటికి వచ్చి పరీక్ష రాసేది. వరసగా అయిదు పరీక్షల్లో 61, 59, 62, 60, 61 వచ్చినయ్. మేం ఏం చేశాం? ఇంకా ఎక్కువ పేపర్లు ఇచ్చాం. వారానికి ఒకటి రాసేదాన్ని వారానికి మూడు రాయమన్నాం. రాసింది. మార్కు కదల్లా. ‘బుర్ర ఇంతవరకే ఉందేమో’ అని ఆ పిల్లే అనుకోవటం మొదలుపెట్టింది. పెళ్ళి సంబంధం వచ్చిందని వాళ్ళమ్మ మమ్మల్ని అడిగింది, ఏం చెయ్యమంటారు అని. ఆ రాత్రి ఆ అయిదు పేపర్లూ నేల మీద పరుచుకుని కూర్చున్నాం. అంతకుముందు ఆ పేపర్లని మేం చూసింది మార్కు వేసేటప్పుడే. తప్పు దగ్గర ఇంటూ పెట్టాం, కూడాం, పక్కన పడేశాం.

పరుచుకుని చూస్తే కంటికి ఆనింది. అయిదు పేపర్లలోనూ చివరి పద్దెనిమిది, ఇరవై ప్రశ్నలు ఖాళీ. తప్పు రాయలా, అసలు ముట్టుకోలా. ఒక పేపరు గడియారం పెట్టి మళ్ళీ రాయించాం. మొదటి భాగానికి 36 నిమిషాలు పట్టింది. అందులో లెక్కలుంటయ్, వరసలుంటయ్, దిక్కులుంటయ్, రక్తసంబంధాల చిక్కుముళ్ళుంటయ్. ఒక లెక్క రాకపోతే వదలదు. పట్టుకుని కూర్చుంటది. రెండో భాగానికి 20 నిమిషాలు. ఇక మిగిలింది 34 నిమిషాలు, చెయ్యాల్సింది 60 ప్రశ్నలు. 41 చేసేసరికి గంట కొట్టింది. 19 మిగిలినయ్. ఆ మిగిలినవన్నీ మూడో భాగంలోవి, అంటే ఆ పిల్లకి బాగా వచ్చినవి! రాని లెక్క కోసం వచ్చిన చట్టాన్ని వదులుకుంటంది. కూలి దగ్గర మాట ఇచ్చి మధ్యలో వదిలెయ్యని మనిషి పరీక్షలో లెక్కనీ వదల్లేకపోయింది. అది ఆ పిల్ల మంచితనమే. పరీక్షకి మాత్రం ఆ మంచితనం పనికి రాదు.

వరస మార్చాం. ముందు మూడో భాగం, 45 నిమిషాలు. తర్వాత వర్తమాన వ్యవహారాలు, 15 నిమిషాలు. అది తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, ఆలోచిస్తే వచ్చేది కాదు. చివరికి మొదటి భాగం, 30 నిమిషాలు. ఒక లెక్క నిమిషంలో తేలకపోతే వదిలేసి ముందుకు పోవాలి. ఆఖరి రెండు నిమిషాల్లో ఖాళీగా ఉన్నవాటన్నిటికీ ఏదో ఒక జవాబు పెట్టెయ్యాలి. మార్కు కొయ్యరు గదా, ఖాళీ ఎందుకు? నాలుగు జవాబుల్లో ఒకటి ఒప్పయినప్పుడు గుడ్డిగా ఇరవై పెట్టినా అయిదు దాకా తగలొచ్చు. ఆ పిల్లకి తర్వాతి మూడు పరీక్షల్లో 68, 66, 71 వచ్చినయ్. కొత్తగా ఒక్క పేజీ చదవలా. వరస మార్చింది, ఖాళీలు నింపింది, అంతే. మధ్యలో 66 వచ్చిన రోజున మళ్ళీ బెంగపడింది. ఒక్క పరీక్ష మార్కు చూసి పొంగొద్దు, కుంగొద్దు. మూడు పరీక్షలు కలిపి సగటు చూసుకోవాలి. ఎండలో పదిగంటలు వంగి కాయ కోసిన రాత్రి రాసిన మార్కు, ఆదివారం పొద్దున తిని రాసిన మార్కు ఒకటి కాదు.

అయితే అందరి జబ్బూ ఇదే కాదు. ఒకళ్ళకి వరస, ఇంకొకళ్ళకి తొందర, మరొకళ్ళకి మాట అర్థం కాకపోవటం. జబ్బు తెలియకుండా అందరికీ ఒకే బిళ్ళ ఇవ్వటం మన ఊరి ఆరెంపీ డాక్టరు పద్ధతి. జబ్బు తెలుసుకోవటానికి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. దీనికి పైసా ఖర్చు లేదు.

పరీక్ష గడియారం పెట్టి నల్లసిరాతో రాయాలి. రాసినాక జవాబుల కాగితం చూడకూడదు. అన్నం తిని, కాసేపు ఆగి, అదే పేపరు గడియారం లేకుండా ఎంతసేపైనా సరే ఎర్రసిరాతో మళ్ళీ చెయ్యాలి. అప్పుడు జవాబులు చూడాలి. ఇప్పుడు ఒకే పేపరుకి రెండు మార్కులొస్తయ్. నల్లమార్కు 58, ఎర్రమార్కు 81 అనుకోండి. వాడికి విషయం తెలుసు, వేగం లేదు, తొందరపాటు ఉంది. వాడు కొత్త పుస్తకం కొనక్కర్లేదు, గడియారంతో పని చెయ్యాలి. నల్లది 58, ఎర్రది 62 అనుకోండి. వాడికి ఎంత టైమిచ్చినా రాదు, విషయమే తెలియదు. వాడు పరీక్షలు రాయటం పదిహేను రోజులు ఆపేసి చదువుకోవాలి. ఇద్దరికీ 58 వచ్చింది. ఇద్దరి మందూ వేరు. గోడ మీద పట్టికలో మాత్రం ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు!

ఆ తర్వాత తప్పుల పుస్తకం. రెండొందల పేజీల నోటుపుస్తకం చాలు. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు తప్పయిందో ఒక్క అక్షరం రాయాలి. తెలియక తప్పయితే ‘తె’. తొందరపడి ‘కాదు’ అన్న మాట చూడకుండా పెడితే ‘తొ’. ప్రశ్నలో మాట అర్థం కాకపోతే ‘మా’. టైము చాలకపోతే ‘టై’. గుడ్డిగా పెట్టింది ఒప్పయితే దాన్ని కూడా వదలకుండా ‘గు’ అని రాయాలి. ఎందుకంటే అది మనది కాదు, అప్పు తెచ్చుకున్న మార్కు, వచ్చే పరీక్షలో వెనక్కి పోద్ది. మూడు పరీక్షలయ్యాక ఏ అక్షరం ఎక్కువుందో లెక్కపెడితే వాడి జబ్బు పేరు తెలుస్తది.

పాత పేపర్లు బియ్యం లాంటివి, ఉన్నంతే ఉన్నయ్. రోజుకొకటి తగలేస్తే నెలలో అయిపోతయ్. ఒక పేపరు రాయటానికి గంటన్నర పడితే దాన్ని తిరగెయ్యటానికి మూడు గంటలు పట్టాలి. మార్కు పెరిగేది ఆ మూడు గంటల్లోనే.

మన పిల్లలకి ‘మా’ అక్షరం ఎక్కువగా వస్తంది. తెలుగులో పేపరుంటది గదా, ఇంకేం బాధ అనుకుంటాం. అది మనం మాట్లాడే తెలుగు కాదు. ‘ప్రతిఫలం’ అని ఉంటది. మన పిల్ల ‘మేలు చేస్తే వచ్చే ఫలం’ అనుకుంది. కాంట్రాక్టు చట్టంలో ప్రతిఫలం అంటే ఒకళ్ళు ఇచ్చే మాటకి బదులుగా రెండోవాళ్ళు ఇచ్చేది. ‘అపకృత్యం’ అంటే చెడ్డపని అనుకుని హత్య దగ్గర గుర్తు పెట్టాడొకడు. అది టార్టుకి వాళ్ళు పెట్టుకున్న పేరు, నష్టపరిహారం అడిగే సివిలు తప్పు. ఇట్టాంటి మాటలు మహా అయితే రెండొందలుంటయ్. రోజుకి అయిదు చొప్పున గోడ మీద బొగ్గుతో రాయండి, మార్కుల పట్టిక అంటించిన గోడ మీదే! తెలుగు మాట తికమకగా ఉంటే పక్కనున్న ఇంగ్లీషు వాక్యం కూడా చూడమని చెప్పండి. ఇంగ్లీషు రానివాడికి కూడా ‘మైనర్’, ‘కాంట్రాక్టు’, ‘బెయిలు’ తెలుసు.

ఇక అసలు చిక్కు. మాకు చాలా ఆశ్చర్యమేసిందీ, చాలా నేర్చుకుందీ ఇక్కడే.

మూడో భాగంలో ఒక రకం ప్రశ్న ఉంటది. ఒక సూత్రం ఇస్తారు, కింద ఒక సంఘటన ఇస్తారు. సూత్రాన్ని సంఘటనకి తగిలించి జవాబు చెప్పాలి. మేమే ఒకటి తయారుచేసి ఇచ్చాం. సూత్రం: ఇంకొకరి స్వాధీనంలో ఉన్న భూమిలోకి అనుమతి లేకుండా అడుగుపెడితే అది అక్రమ ప్రవేశం, నష్టం జరిగిందా లేదా అన్నదానితో పనిలేదు. సంఘటన: ఎండాకాలం ఒకామె మంచినీళ్ళ కోసం బిందె నెత్తిన పెట్టుకుని, దగ్గరదారి అని ఒక ఆసామి చేనిగట్టు మీదుగా అడక్కుండా నడిచిపోయింది. చేనుకి ఏమీ కాలేదు. ఆమె చేసింది అక్రమ ప్రవేశమా?

పద్నాలుగు మందిలో పదకొండు మంది ‘కాదు’ అన్నారు. ఎందుకు కాదంటే ఒక పిల్లాడు లేచి, ‘నీళ్ళ కోసం పోతే నేరమేందన్నా? గట్టు తొక్కితే ఏం పోయింది?’ అన్నాడు. మాకు వాడిని కావలించుకోవాలనిపించింది. కానీ మార్కు పోయింది. సూత్రం ప్రకారం అది అక్రమ ప్రవేశమే. నష్టంతో పనిలేదని సూత్రమే చెప్తంది.

అప్పుడు వాళ్ళతో అన్నాం: ఈ ప్రశ్న న్యాయం ఏంది అని అడగటంలా. ఈ సూత్రం పట్టుకుంటే ఎక్కడికి చేరతావు అని అడుగుతంది. సూత్రం తప్పని వాదించటానికి రేపు కోర్టులో చోటుంది. ఆ గట్టు మీద ఇరవై ఏళ్ళుగా అడ్డులేకుండా, హక్కుగా, బహిరంగంగా నడుస్తుంటే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కింద దారి హక్కు అడగొచ్చు. లాయరువై ఆమె తరఫున అది అడుగు. కానీ ఇరవై ఏళ్ళ మాట ఈ ప్రశ్నలో లేదు. లేనిదాన్ని మన కడుపుమంటలోంచి తెచ్చి కలిపితే మార్కు పోద్ది. 

ఇది విని, ఓహో, మనకి కోపం ఎక్కువ గాబట్టి తప్పు రాస్తన్నాం అనుకున్నారు. కాదు. రెండోవారం ఇంకొకటి ఇచ్చాం. సూత్రం: పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళతో చేసుకున్న ఒప్పందం చెల్లదు. సంఘటన: పదిహేడేళ్ళ కుర్రాడు పనికి వస్తానని మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాగితం మీద సంతకం పెట్టాడు, పనికి పోలేదు. ఆ ఒప్పందాన్ని మేస్త్రీ కోర్టులో అమలు చేయించుకోగలడా? ఈసారి ఎక్కువమంది ‘చేయించుకోగలడు’ అన్నారు. ‘డబ్బు తీసుకున్నాడు గదన్నా, మాట తప్పితే ఎట్టా?’ అన్నారు. 1903లో ప్రీవీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చిన సంగతి అది, మైనరుతో ఒప్పందం పుట్టుకతోనే చెల్లదని. సూత్రం వాళ్ళ కళ్ళ ముందే ఉంది. అయినా అప్పు ఎగ్గొట్టటం పరువు తక్కువ అని ఇంట్లో నేర్చుకున్నది సూత్రాన్ని మింగేసింది. ఒకచోట వాళ్ళ కోపం మార్కు తీసింది, ఇంకోచోట వాళ్ళ నిజాయితీ మార్కు తీసింది. మన పిల్లలకి న్యాయబుద్ధి తక్కువై కాదు, ఎక్కువై తప్పులు రాస్తన్నారు. దానికి మందు ఒకటే. సూత్రం చదివి, దాని కింద పెన్సిలుతో గీత గీసి, ‘నా ఉద్దేశం అవతల పెట్టి, ఈ గీత గీసిన మాటలతోనే జవాబు చెప్తా’ అని అప్పుడు సంఘటన చదవాలి. ఇట్టాంటివి మీ ఊరి తగాదాల్లోంచే రోజుకి రెండు తయారు చెయ్యండి. పెద్దవాళ్ళు సంఘటన చెప్పండి, పిల్లలు సూత్రం వెతుకుతారు. చదువురాని ముసలవ్వ కూడా ఈ పనికి గురువే.

రాజ్యాంగం సంగతి. 17వ అధికరణ నిద్రలో లేపి అడిగినా చెప్తారు మన పిల్లలు. సంతోషమే. కానీ ప్రశ్న దాని మీదే రాదు గదా. 32కీ 226కీ తేడా అడిగితే నోరెళ్ళబెడతారు. 32 కింద సుప్రీంకోర్టుకి పోతాం, అది ప్రాథమిక హక్కుల కోసమే. 226 కింద హైకోర్టుకి పోతాం, ప్రాథమిక హక్కులకే కాదు, ఇతర హక్కులకీ పోవచ్చు. అయిదు రిట్లు ఉన్నయ్: హెబియస్ కార్పస్, మాండమస్, ప్రొహిబిషన్, సెర్షియోరరీ, కోవారంటో. పేర్లు బట్టీ పెడితే పొద్దున్నకి మర్చిపోతారు. మన వాడలో కుర్రాడిని స్టేషనుకి తీసుకుపోయి 24 గంటలు దాటినా మేజిస్ట్రేటు ముందు పెట్టకపోతే? 22వ అధికరణ గుర్తొస్తది, హెబియస్ కార్పస్ గుర్తొస్తది. ఇవ్వాల్సిన పని అధికారి చెయ్యకుండా తిప్పుతుంటే? మాండమస్. అట్టా పట్టుకుంటే చచ్చేదాకా మర్చిపోరు. మార్కు కోసం నేర్చుకున్నది మార్కు దగ్గరే ఆగదు కూడా.

ఇంకో హెచ్చరిక. బజార్లో పాత గైడ్లు సగం ధరకి దొరుకుతయ్, మనవాళ్ళు అవే కొంటారు. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 1860 నాటి ఐపీసీలో 511 సెక్షన్లు, కొత్తదాంట్లో 358. హత్యకి శిక్ష 302 అని పాత గైడు చెప్తది, ఇప్పుడది 103. మోసానికి 420 అని లోకమంతా తిట్టుగా వాడింది, ఇప్పుడది 318లోకి పోయింది. సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం కూడా మారినయ్. పాత పేపర్లో పాత నెంబరుకి ఒప్పు పడి మార్కు వచ్చుద్ది, అసలు పరీక్షలో అదే ముంచుద్ది. పాత గైడు పారెయ్యొద్దు, నెంబరు కొట్టేసి పక్కన కొత్త నెంబరు రాసుకోండి. ఆ దిద్దటమే ఒక చదువు.

వర్తమాన వ్యవహారాలకి పుస్తకం అక్కర్లేదు. టీకొట్టు దగ్గర పేపరు ఉంటది. పొద్దున ఒకరు పైకి చదవాలి, నలుగురు వినాలి, ఒకరు మూడు ముక్కలు రాయాలి. మన పెద్దవాళ్ళు అక్షరం రాకపోయినా ఇట్టాగే విని లోకం తెలుసుకున్నారు.

పరీక్ష కంప్యూటరు మీద. ఫోను నొక్కటం వేరు, మౌసు పట్టటం వేరు. కాగితం మీద 70 వచ్చిన పిల్లకి మొదటిసారి కంప్యూటరు ముందు 58 వచ్చింది. జవాబు మీద నొక్కి, ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కకుండా పక్కనున్న నెంబరు మీద నొక్కి ఇంకో ప్రశ్నకి పోయింది. ముందు పెట్టిన జవాబు లెక్కలోకి రాలా. ఇది చదువు తప్పు కాదు, అలవాటు తప్పు. పరీక్షకి ముందు కనీసం మూడుసార్లు నెట్‌సెంటర్లోనో, స్కూలు కంప్యూటరు గదిలోనో గంటన్నర కదలకుండా కూర్చోబెట్టి రాయించండి. ఆ ఖర్చుకి ఊరంతా చందా వేసుకోండి.

ఇంటర్ పిల్లలు ఇద్దరు క్లాట్ కూడా రాస్తామంటన్నారు. రాయనివ్వండి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకి అదే దారి, హైదరాబాదు నల్సార్‌కైనా, విశాఖలో దామోదరం సంజీవయ్య పేరు మీదున్న విశ్వవిద్యాలయానికైనా. కానీ అది ఇంగ్లీషులోనే ఉంటది. 120 ప్రశ్నలకి రెండు గంటలు, అంతా పేరాలు చదివి జవాబు చెప్పటమే. తప్పుకి పావు మార్కు కోస్తారు. అక్కడ గుడ్డిగా నింపే పని పెట్టుకోవద్దు. నాలుగు గుడ్డి జవాబులకి ఒకటి తగిలితే ఒక మార్కు వస్తది, మూడు తప్పులకి ముప్పావు పోద్ది, మిగిలేది పావలా. ఒక జవాబైనా కచ్చితంగా కాదని కొట్టెయ్యగలిగితేనే పెట్టాలి. లాసెట్ అలవాటు అక్కడికి మొయ్యొద్దు.

చదువు మధ్యలో ఆపేసినవాళ్ళు వెనక వరసలో కొంతమంది కనపడతన్నారు. అంబేద్కర్ 1916లో లండన్ గ్రేస్ ఇన్‌లో చేరి, స్కాలర్‌షిప్పు గడువైపోతే 1917లో చదువు ఆపి తిరిగొచ్చాడు. మళ్ళీ 1920లో పోయి 1922లో బారిస్టరయ్యాడు. ఆగిన చదువు ఆగిపోయిన చదువు కాదు. డిగ్రీలో మనకి నూటికి నలభై ఉంటే మూడేళ్ళ కోర్సుకి లాసెట్ రాయొచ్చు.

అమ్మలకి ఒక మాట. పిల్ల ఇంటికి రాగానే ‘ఎన్నొచ్చినయ్?’ అని అడగొద్దు. ‘ఏ తప్పు చేశావు, ఎందుకు చేశావు?’ అని అడగండి. మీకు ఆ ప్రశ్న అర్థం కాకపోవచ్చు. పిల్ల మీకు అర్థమయ్యేట్టు చెప్పగలిగితే ఆ తప్పు మళ్ళీ చెయ్యదు. ఆ పెళ్ళి సంబంధం వచ్చిన పిల్ల వాళ్ళమ్మకి ఇట్టాగే చేని గట్టు ప్రశ్న చెప్పింది. ఆమె విని, ‘సూత్రం రాసినోడికి పొలం ఉందిలే’ అన్నది! సంబంధం వాళ్ళకి మాత్రం పరీక్ష అయినాక రమ్మని కబురు పెట్టింది.

ఇక పని సంగతి. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇక్కడే పరీక్ష. రాసే పిల్లల్ని శనివారం కోతకి పంపొద్దు. ఆ ఒక్కరోజు కూలి సంఘం చందాలోంచి ఇస్తాం, పేర్లు ఇప్పుడే రాయించండి. నల్లపెన్ను, ఎర్రపెన్ను ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. గోడ గడియారం ఆగిపోయింది, దానికి బ్యాటరీ కావాలి. మధ్యాన్నం భోజనానికి పడమటి బజారు వాళ్ళు బియ్యం ఇస్తామన్నారు, కూర సంగతి తేలలేదు. తిన్నాక ఎర్రసిరా పరీక్ష. జవాబుల కాగితం సాయంత్రం దాకా మా దగ్గరే ఉంటది, ఎంత బతిమాలినా ఇవ్వం. మరొక సంగతి, హైదరాబాదులో ఉన్న పిల్లాడి ఫోను నెంబరు వాళ్ళమ్మ దగ్గర ఉంది. ఈ ఆదివారం పరీక్ష ఉందని ఈ రాత్రికి మేం చెప్తాం. మీలో అతనితో చదువుకున్నవాళ్ళు కూడా తలా ఒకసారి ఫోను చెయ్యండి.